సినిమా సందేహాలు: సూపర్‌హీరో నవ్విస్తే కథ బరువు తగ్గుతుందా?

ప్రశ్న: మా జట్టులో రెండు వర్గాలున్నాయి. దర్శకుడు నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్‌లా సీరియస్‌గా ఉంటేనే సూపర్‌హీరో సినిమా అంటారు కొందరు. జోకుల్లేకపోతే రెండున్నర గంటలు కూర్చోలేమంటారు మిగతావాళ్లు. ఏటంటారు?
– పలాస పాఠకులు

జవాబు: జోకులెన్ని అని లెక్కపెడుతున్నంతకాలం ఈ తగువు తెగదు. సీరియస్ వర్గం నెత్తిన పెట్టుకునే నోలన్ బ్యాట్‌మ్యాన్ సినిమా ‘ద డార్క్ నైట్’ (2008)లో ఆసుపత్రి పేల్చే సన్నివేశం చూడండి. నర్సు వేషంలో విలన్ జోకర్ బయటికి నడిచొస్తుంటాడు. పేలుళ్లు మధ్యలో ఆగిపోతాయి. విసుగ్గా రిమోట్ నొక్కి నొక్కి చూస్తాడు. అంతలో మిగతా భవనమంతా లేచిపోతుంది, వాడే ఉలిక్కిపడతాడు. మనకు నవ్వొస్తుంది, వాడంటే భయం మాత్రం ఇంకాస్త పెరుగుతుంది.

ఇప్పుడు ‘థోర్: రాగ్నరాక్’ (2017) ముగింపు తీసుకోండి. థోర్ సొంత రాజ్యం ఆస్గార్డ్ కూలుతుంటే పునాదులు గట్టిగానే ఉన్నాయి, మళ్లీ కట్టుకోవచ్చని అతని నేస్తం కోర్గ్ ధైర్యం చెబుతాడు. మరుక్షణం మొత్తం పేలిపోతుంది. పునాదులూ పోయాయి, సారీ అంటాడు. జోకు మంచిదే, పడిన చోటే చెడ్డది. ఊరు పోగొట్టుకున్న జనం ముఖాలు చూసే వ్యవధి మనకు దక్కలేదు.

అదే థోర్ ‘ఇన్ఫినిటీ వార్’ (2018)లో రాకెట్ అనే మాట్లాడే రకూన్ పక్కన కూర్చుని తమ్ముడు, అక్క, తండ్రి, తల్లి, స్నేహితుడు ఎలా పోయారో వరసగా చెబుతాడు. తేలిగ్గానే మొదలెడతాడు, నవ్వబోతాడు, చివరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇక్కడ నవ్వు దుఃఖానికి ముందు వచ్చింది, రాగ్నరాక్‌లో దుఃఖం మీద పడింది. మీ జట్టు తేల్చుకోవలసింది ఈ తేడా. జోకు అయ్యాక వచ్చే షాట్‌లో ప్రమాదం మునుపటంత ఉందా లేదా అని ఒక్కటి చూడండి, సగం వాదన అక్కడే అయిపోతుంది.

ప్రశ్న: 2017 ‘జస్టిస్ లీగ్’ దెబ్బతిన్నది జోకులు కలపడం వల్లేనా?
– విజయనగరం పాఠకురాలు

జవాబు: కలిపిన తీరు వల్ల. కుటుంబ విషాదంతో దర్శకుడు జాక్ స్నైడర్ తప్పుకున్నాక మరో దర్శకుడు జాస్ వీడన్ కొన్ని సన్నివేశాలు కొత్తగా రాసి తీశారు. నిడివి రెండు గంటలకు కుదించారు. 2021లో వచ్చిన స్నైడర్ కూర్పు 4 గంటల 2 నిమిషాలు. అందులోనూ మెరుపు వేగంతో పరిగెత్తే హీరో ఫ్లాష్ జోకులేస్తూనే ఉంటాడు, కానీ అతని భయం, తండ్రి కోసం పడే తపన కూడా ఉన్నాయి కాబట్టి అవి అతికినట్టుంటాయి. బరువైన కథలో బరువు కోసేసి చమత్కారం మిగిలిస్తే రెండూ నిలవవు. పైగా వేరే సినిమా కోసం సూపర్‌మ్యాన్ నటుడు హెన్రీ కావిల్ పెంచిన మీసాన్ని కంప్యూటర్‌తో చెరిపేశారు. పై పెదవి వింతగా తేలింది. జనం అక్కడ నవ్వితే ఆ తప్పు రచయితది కాదు లెండి.

ప్రశ్న: మన దగ్గర కామెడీ లేకుండా ఈ సినిమాలు ఆడవా?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: బుర్రకథ ఊళ్లో ఉండి ఇదడగాలా? నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. హాస్యగాడు కథకుణ్ణి ఆటపట్టిస్తాడు, శత్రువును వెక్కిరిస్తాడు. అంతేగానీ మీ బొబ్బిలి కోటలో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకునే ఘట్టంలో పకపకలాడిస్తే జనం ఊరుకుంటారా?

మలయాళంలో వచ్చిన ‘మిన్నల్ మురళి’ (2021) ఈ కొలత బాగా పట్టింది. పిడుగు పడి శక్తులొచ్చిన కుర్ర దర్జీ తడబాట్లన్నీ నవ్వులే. అదే పిడుగు తగిలిన షిబు ప్రేమను మాత్రం దర్శకుడు ఎక్కడా ఎగతాళి చెయ్యడు. అందుకే వాడు విలన్ అయినా జాలేస్తుంది. తెలుగు ‘హను-మాన్’ (2024)లోనూ చిల్లర దొంగతనాల కుర్రాడికి బలం రావడంలో బోలెడు హాస్యం పండింది.

ప్రశ్న: కళింగపట్నం తీరంలో 12 నిమిషాల సూపర్‌హీరో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కామెడీ ఎక్కడ పెట్టాలి?
– శ్రీకాకుళం విద్యార్థులు

జవాబు: శక్తి కొత్తగా వచ్చి చేతకాక పడే పాట్లను మొదటి నాలుగు నిమిషాల్లో వాడేసుకోండి. అయిదో నిమిషానికల్లా ఎవరికో నిజంగా దెబ్బ తగలాలి. అక్కణ్ణుంచి హీరో జోకెయ్యొచ్చు, విలన్ మాత్రం నవ్వులపాలు కాకూడదు.

జోకు డైలాగును విడి షాట్‌గా తియ్యండి. కథకు కావలసిన సమాచారం అదే షాట్‌లో ఉంటే ఎడిటింగ్‌లో తీసెయ్యలేక ఇరుక్కుంటారు. జోకు లేని టేక్ కూడా ఒకటి ఉంచుకోండి. జోకయ్యాక ఒకటిన్నర, రెండు సెకన్లు మాట లేకుండా వదలండి, లేకపోతే హాలు నవ్వులో తర్వాతి డైలాగు మునిగిపోతుంది. చావు షాట్ తర్వాత అయిదారు సెకన్లు ఎవరూ నోరెత్తకూడదు, జోకు సంగతి సరేసరి. ‘టొయ్యిం’ మనే శబ్దాలు వద్దు. మ్యూజిక్ తీసేసి చూసినా నవ్వు రావాలి.

కోరని నవ్వు ఎక్కువగా దుస్తుల వల్లే వస్తుంది. సముద్రపు గాలికి వీపున వేలాడే శాటిన్ కేప్ లేచి ముఖం మీద పడుతుంది, చెమటకు వీపుకు అతుక్కుంటుంది. కాస్త మందం గుడ్డ తీసుకుని అంచుకు చీర ఫాల్ రెండు పొరలు కుట్టించండి, బరువుకు కిందికి వేలాడుతుంది. మైకుకు గాలి తొడుగు లేకపోతే హోరు తప్ప ఏమీ వినపడదు, డైలాగులు డబ్బింగే గతి.

కూర్పయ్యాక కథ తెలియని పదిమందికి చూపించండి. మీరు తెర కాదు, వాళ్ల ముఖాలు చూడండి. నవ్వకూడని చోట నవ్వితే ముందు ఆ షాట్ నిడివి తగ్గించి చూడండి. అప్పటికీ నవ్వితే దగ్గర షాట్‌గా మళ్లీ తియ్యండి.

ప్రశ్న: ‘డెడ్‌పూల్’ కామెడీ సినిమా కదా, పిల్లలకు చూపించొచ్చా?
– రాజాం పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అది ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా. నరుకుళ్లు, బూతులు నిండుగా ఉంటాయి.