పళ్లేలు కొంటున్న మాధవికి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగానికని కోపెన్‌హేగన్ వెళ్లిన నువ్వు పాత సామాన్ల సంతలో నీలిరంగు పింగాణీ క్రిస్మస్ పళ్లేలు కొంటున్నావనీ, 1895 నుంచి ఏటికొకటి చొప్పున వరుస పూర్తి చేస్తానంటున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా గాలి నీకు సోకిందని గర్వపడ్డాను; రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొనేముందు పళ్లేన్ని తిరగేసి చూడు. కార్ఖానా ముద్ర మీద అడ్డంగా గీత గీసి ఉంటే అది రెండో రకం సరుకు. గోటితో మీటితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని బీట ఉన్నట్టే. రంగు వెలిసిపోతుందని భయపడకు, ఆ కోబాల్టు నీలం మెరుగుపూత కిందే ఉండి దానితోపాటే కాలుతుంది.

ఇక 1895 సంగతి. మంచు పట్టిన కిటికీలోంచి కోపెన్‌హేగన్ ఊరు కనబడేట్టు హల్లిన్ అనే చిత్రకారుడు గీసిన ఆ తొలి పళ్లేన్ని బింగ్ అండ్ గ్రోన్డాల్ అనే పింగాణీ కంపెనీ వారు సుమారు 400 మాత్రమే చేసి, అచ్చు పగలగొట్టారు. ఏటేటా అలా పగలగొట్టడమే ఆనవాయితీ అయింది. 1908లో రాయల్ కోపెన్‌హేగన్ వారూ ఏటికొక క్రిస్మస్ పళ్లెం మొదలుపెట్టారు. చేసినవే అంత తక్కువ కాబట్టి ఆ 1895 పళ్లేన్ని ఆఖరుకు వదిలెయ్యి. దానికోసం అప్పు చేశావని తెలిస్తే మీ అమ్మకంటే ముందు నేనే విమానమెక్కుతాను.

నా భయానికి కారణముంది. 1980ల్లో ఇక్కడ షికాగోలో మా ఇంటికి టపాలో పళ్లేల ప్రకటనలు వచ్చేవి. పక్షులు, పువ్వులు, పసిపిల్లల బొమ్మలు. వెనక వరుస సంఖ్య, వెంట ధ్రువపత్రం. 150 రోజులు మాత్రమే కాలుస్తామని రాసి ఉంటే మురిసిపోయానే తప్ప, రోజుకు ఎన్ని కాలుస్తారని అడగలేదు. మీ అక్క కాలేజీ చదువుకు అక్కరకొస్తాయని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన డబ్బుతో, మీ పెదనాన్నకు లెక్క చెప్పకుండా 42 కొన్నాను. విప్పితే ధర పడిపోతుందని ఒక్క పెట్టె కూడా విప్పలేదు. ఒకనాడు ఆయన పెట్టె మీది పిచ్చుకల బొమ్మ చూసి, "దీన్ని భోజనాల బల్ల ఎదురుగా తగిలిద్దామే" అన్నారు. కసిరాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పదిహేనేళ్ల తరువాత అన్నిటినీ అమ్మకానికి తీసుకెళ్తే దుకాణదారు ఒక్కొక్కదానికి రెండు డాలర్లన్నాడు; నాలాగే దాచినవాళ్లు ఊరినిండా ఉన్నారు, కొనేవాళ్లే లేరు. ఆయన ఒక్క మాట అనకుండా పెట్టెలన్నీ తిరిగి కారులో సర్దారు. పిచ్చుకల పళ్లెం ఆయన పోయాక గాని గోడకెక్కలేదు.

నీ పళ్లేల వెనక, అడుగు అంచులో, రెండు రంధ్రాలుంటాయి చూడు, అవి తగిలించడానికే. గట్టి మేకు కొట్టు, దారం ఏటా మార్చు.

సంతలో 1971 పళ్లెం కనబడితే నాకు రాయి. అది మా పెళ్లి ఏడు. డబ్బు పంపుతాను, పెట్టె అక్కర్లేదు.

మీ పెద్దమ్మ