టెక్ సందేహాలు: వెలగని రిమోట్, వెలిగే ఫిల్టర్

ఈ వారం ఉత్తరాల్లో ఐదు ఒకే గూటి పక్షులు. అడిగిన వస్తువులు వేరైనా అన్నిటి వెనుక ఉన్నది కాంతి తరంగదైర్ఘ్యమే. మన కంటికి కనిపించేది సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల (మీటరులో వందకోట్లో వంతు ఒక నానోమీటరు) దాకా మాత్రమే. ఊదా ఒక కొస, ఎరుపు మరో కొస. ఇంట్లోని పరికరాల్లో చాలావరకు ఆ కొసలు దాటి పనిచేస్తాయి. అందుకే కనిపించకపోతే పాడైందనీ, కనిపిస్తే బాగుందనీ పొరబడుతుంటాం.

ప్రశ్న: రిమోట్ బటన్ నొక్కి ఫోన్ కెమెరాలో చూస్తే చిన్న దీపం కనిపించాలట. నా ఫోన్ వెనుక కెమెరాలో ఏమీ లేదు. ముందు కెమెరాలో ఊదా చుక్క మిణుకుమంటోంది. ఏది నమ్మాలి? (విజయనగరం)

ముందు కెమెరానే నమ్మండి. మీ రిమోట్ బాగుంది. దాని ముక్కు దగ్గరున్న ఎల్ఈడీ సాధారణంగా 940 నానోమీటర్ల పరారుణ కాంతిని, అంటే ఎరుపు కొస దాటిన కాంతిని, వెదజల్లుతుంది. కెమెరా సెన్సర్‌లోని సిలికాన్ దాన్ని పట్టుకోగలదు. అయితే ఫొటోల రంగులు చెడిపోకుండా కెమెరాల్లో పరారుణాన్ని ఆపే పలుచని ఫిల్టర్ పెడతారు. వెనుక కెమెరాలో అది గట్టిది, చాలా ఫోన్లలో ముందు కెమెరాది అంత గట్టిది కాదు. ఆ జారిపోయిన కాస్త వెలుగుకు ఏ రంగు వేయాలో తెలియక ఫోన్ ఊదా రంగు వేస్తుంది.

940నే ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. గాలిలోని నీటి ఆవిరి సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఎండను కొంత మింగేస్తుంది. పగటి వెలుగు గోల తక్కువగా ఉండే చోట రిమోట్ మాట టీవీకి స్పష్టంగా వినబడుతుంది. ముఖం చూసి తెరుచుకునే ఫోన్లలోనూ ఇదే కిటుకు.

చుక్క కనిపిస్తున్నా టీవీ పలకకపోతే లోపం టీవీ వైపు ఉన్నట్టు. కనిపించకపోతే ముందు బ్యాటరీలు మార్చండి.

ప్రశ్న: మా వాటర్ ప్యూరిఫయర్ కొని నాలుగేళ్లయింది. యూవీ దీపం నీలంగా చక్కగా వెలుగుతోంది. అయినా మార్చాలంటున్నారు సర్వీసు వాళ్లు. డబ్బు గుంజడానికేనా? (నల్లగొండ)

మామూలుగా నేను ఇలాంటి తగవుల్లో మీ పక్షమే. ఈసారి మాత్రం వాళ్లదే న్యాయం. క్రిములను చంపేది మీరు చూస్తున్న నీలి వెలుగు కాదు. ఆ గొట్టంలో ఉన్నది పాదరసపు ఆవిరి. అది ముఖ్యంగా 254 నానోమీటర్ల అతినీలలోహిత (యూవీ) కాంతిని ఇస్తుంది. అది కంటికి ఆనదు. దానితోపాటు 436 నానోమీటర్ల దగ్గర కాస్త నీలం కూడా వస్తుంది. కనిపించేది ఆ కొసరు మాత్రమే.

సూక్ష్మజీవుల డీఎన్ఏ 260 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని బాగా పీల్చుకుంటుంది. అప్పుడు అందులో పక్కపక్కనున్న థైమిన్ అనే అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ఆ జీవి తన నకలు తీసుకోలేదు, సంతతి పెంచుకోలేదు. దీపం పాతబడే కొద్దీ తగ్గిపోయేది ఈ 254. నీలం మాత్రం ఎప్పటిలా మెరుస్తూ మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇలాంటి దీపాలకు సాధారణంగా 8, 9 వేల గంటల ఆయుష్షు చెబుతారు. ఆగకుండా వెలిగితే అది ఒక ఏడాది. మీది నీళ్లు పట్టేటప్పుడే వెలిగే రకమైతే ఇంకా వస్తుంది కానీ, నాలుగేళ్లంటే నేనైతే మార్చేస్తాను.

దీపం చుట్టూ ఉన్న క్వార్ట్జ్ తొడుగును కూడా తుడిపించండి. మామూలు గాజు 254ను దాటనివ్వదు కాబట్టే అక్కడ క్వార్ట్జ్ వాడతారు. దాని మీద ఉప్పునీటి తెల్లపొర పేరుకుంటే ఆ ఖర్చంతా వృథా. మీరు రాసింది నల్లగొండ నుంచి కాబట్టి ఇంకో మాట: యూవీ ఫ్లోరైడ్‌ను తాకను కూడా తాకదు. దానికి ఆర్ఓ పొర కావాలి.

పనిలో పనిగా, తలుపు గొళ్లాల మీద ఊపితే క్రిములు చస్తాయంటూ అమ్మే ఊదా టార్చీల సంగతి. ఒకటి నేనూ కొన్నాను. డబ్బా మీద చిన్న అక్షరాల్లో 395 నానోమీటర్లని ఉంది. అది నోట్ల మీది నంబర్లు మెరిపించి చూసుకోవడానికి పనికొస్తుంది. అంతకుమించి ఆశించకండి. నిజంగా 254 ఇచ్చేదైతే కళ్లకూ చర్మానికీ హాని.

ప్రశ్న: నాన్నగారి స్మార్ట్‌వాచీ గుండె వేగానికి ఆకుపచ్చగా, ఆక్సిజన్‌కు ఎర్రగా వెలుగుతుంది. వేలి ఆక్సీమీటర్ 97 చూపిస్తే వాచీ 91 అంటోంది. భయపడాలా? (హైదరాబాద్)

రక్తం ఎర్రగా కనిపించేదే ఆకుపచ్చను మింగేస్తుంది కాబట్టి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పొంగుతుంది, తిరిగొచ్చే ఆకుపచ్చ తగ్గుతుంది. వాచీ ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడుతుంది.

ఆక్సిజన్‌కు ఒక రంగు చాలదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ 660 నానోమీటర్ల ఎరుపును ఎక్కువ పీలుస్తుంది. ఆక్సిజన్ మోసుకెళ్లేది 940 దగ్గరి పరారుణాన్ని ఎక్కువ పీలుస్తుంది. రెండింటి నిష్పత్తి నుంచి శాతం వస్తుంది. 1970ల్లో జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి తెచ్చిన ఉపాయమిది. వేలి క్లిప్పులో కాంతి ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోతుంది. వాచీకి దొరికేది చర్మం నుంచి తిరిగొచ్చిన వెలుగే. పట్టీ వదులైనా, చెయ్యి కదిలినా, పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పుతుంది. ఈ విషయంలో వేలి క్లిప్పు మాటకే విలువివ్వండి.

అలాగని దాన్నీ గుడ్డిగా నమ్మకండి. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆక్సీమీటర్ పసిగట్టని సందర్భాలు తెల్లవారికంటే దాదాపు మూడు రెట్లని 2020లో అమెరికా వైద్యులు ప్రచురించారు. ఛాయ ముదురుగా ఉన్న మనవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. ఆయాసం ఉంటే అంకె ఎంతున్నా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫైబర్ ఇంటర్నెట్ పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుతోంది. కేబుల్ పీకి చూస్తే లోపల వెలుగే లేదు. తెగినట్టేనా? (రాజమహేంద్రవరం)

ఇంకెప్పుడూ అలా చూడకండి. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో సాధారణంగా సమాచారం 1490 నానోమీటర్ల మీద వచ్చి 1310 మీద వెళుతుంది. రెండూ కనిపించవు. ఎర్ర దీపం అంటే పెట్టెకు వెలుగు అందడం లేదని. తలుపు సందులో నలిగిందేమో, మూలలో మరీ వంగిందేమో చూసి టెక్నీషియన్‌ను పిలవండి. ఆయన తెచ్చే ఎర్ర లేజర్ పెన్ను వెలుగు తెగిన చోట బయటికి చిమ్ముతుంది. ఆ ఎరుపుతోనే ఇంటర్నెట్ నడపకూడదా అంటే, పొట్టి తరంగాలు గాజులో ఎక్కువగా చెదిరిపోతాయి. ఆకాశాన్ని నీలం చేసేదీ ఆ చెదరడమే.

ప్రశ్న: పాత సీడీ, అట్టపెట్టెతో కాంతిని విడగొట్టి ఫోన్‌లో ఫొటో తీయవచ్చని మా టీచర్ చెప్పారు. పనికొస్తుందా, లేక ఆటేనా? (గుంటూరు, తొమ్మిదో తరగతి)

గుంటూరు నుంచి ఈ ప్రశ్నా! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ మీ ఊళ్లోనే వర్ణపటదర్శిని (కాంతిని రంగులుగా విడగొట్టే పరికరం) పెట్టి సూర్యుడి అంచు మంటల్లో మెరిసే గీతలు చూశాడు. మద్రాసు వేధశాల నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. అందులో ఒక పసుపు గీతను మొదట చాలామంది సోడియందే అనుకున్నారు. కానీ సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గరుంటాయి. ఇది 587.6. రెండు నానోమీటర్లకు లోపే తేడా. ఆ తేడాను పట్టుకుని ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ ఇదేదో తెలియని మూలకమన్నాడు. సూర్యుడి పేరిట దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో.

నీ పెట్టె అంత సన్నని తేడా చూపలేదు కానీ ఆటబొమ్మ మాత్రం కాదు. సీడీ మీది సన్నని గాడులు 1,600 నానోమీటర్ల ఎడంతో ఉంటాయి, రంగులు విడగొట్టడానికి అది చాలు. పెట్టెకు సన్నని చీలిక పెట్టి, ఎల్ఈడీ బల్బును, పాత ట్యూబులైటును పోల్చు. మొదటిది పరుచుకున్న రంగుల పట్టీ. రెండోదానిలో పాదరసపు ఆకుపచ్చ గీత విడిగా నిలబడుతుంది. సూర్యుడి వైపు మాత్రం తిప్పకు. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని స్టవ్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లించు. భగ్గున లేచే ఆ పసుపును పెట్టెలోంచి చూడు. అప్పట్లో చాలామంది హీలియం గీతను చూసి అదే అనుకుని పొరబడిన సోడియం గీత ఇదే. ఫొటో వస్తే నాకు పంపు.