స్టేషనరీ ఒకటా, రెండా?

సందేహం: పెన్నులు, కాగితాలు స్టేషనరీ, కదలకుండా ఉన్నదీ స్టేషనరీయే. ఇంగ్లీషు స్పెల్లింగులో మాత్రం ఒకదానికి ‘ఇ’, మరోదానికి ‘ఏ’. వీటికి చుట్టరికం ఉందా? ఏది ఎక్కడ రాయాలి?

సమాధానం: ఉంది, రెండూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో ‘స్తారే’ అంటే నిలబడడం, ‘స్తాతియో’ అంటే నిలిచే చోటు. స్థానం, స్థిరం, స్థితి మాటల్లోని సంస్కృత ధాతువు ‘స్థా’ కూడా ఈ వంశానిదే. కదలనిది అనే అర్థం నేరుగా అక్కణ్ణుంచే వచ్చింది.

కాగితాలది చుట్టుదారి. మధ్యయుగాల ఐరోపాలో సరుకు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు చాలామంది. పుస్తకాలవాళ్లు విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట అంగడి పెట్టుకుని కూర్చున్నారు. అందుకే వాళ్లు స్టేషనర్లు. లండన్‌లో వీళ్ల సంఘం 1403లో ఏర్పడి, 1557లో రాజరికపు అధికార పత్రం (రాయల్ చార్టర్) పొందింది. పుస్తకాలు రాయించడం, అచ్చువేయడం, అమ్మడం అన్నీ వీళ్ల పనే. పోనుపోను పుస్తకాల వ్యాపారం వేరుపడి, ఆ పేరు కాగితం, సిరా, కలం అమ్మేవాళ్లకు మిగిలింది.

స్పెల్లింగుకు కిటుకు కూడా ఆ స్టేషనరే. ఆ మాట చివర ‘ఇ, ఆర్’ ఉన్నాయి. వాటికి ‘వై’ చేర్చితే సామగ్రి. బేకర్ నుంచి బేకరీ, గ్రోసర్ నుంచి గ్రోసరీ వచ్చినట్టే. కదలనిది విశేషణం; టెంపరరీ, ప్రైమరీ లాగా దాని చివర ‘ఏ, ఆర్, వై’. రెండూ సరైన మాటలే కనుక కంప్యూటర్‌లోని స్పెల్‌చెక్ ఈ తప్పును చాలాసార్లు వదిలేస్తుంది. బోర్డు మీద ‘ఏ’ రాయించారంటే అది కదలని దుకాణం అన్నమాట, తోపుడుబండి కాదని హామీ! బిల్లుల్లో కనిపించే ‘స్టేషనరీస్’ కూడా తప్పే. దానికి బహువచనం లేదు, ‘స్టేషనరీ ఐటమ్స్’ అనాలి.

తెలుగులో ఈ చిక్కే అక్కర్లేదు. కదలనిదానికి ‘స్థిర’ ఉండనే ఉంది: స్థిర తరంగాలు, భూస్థిర ఉపగ్రహం. స్టేషనరీని కొట్టుకే వదిలేయండి.

అయితే పోలిక ఉన్నవన్నీ చుట్టాలు కావు. ద్వీపమనే అర్థంలోనే ఉన్న ఐల్, ఐలండ్ చూడండి. మొదటిది లాటిన్ ‘ఇన్సులా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండోది పాత ఇంగ్లీషు మాట, అందులో అసలు ‘ఎస్’ లేదు. రెండూ ఒకటేననుకుని 16వ శతాబ్దంలో దూర్చారు. పలకకపోవడానికి కారణం అదే. కుర్చీల వరుసల మధ్య నడిచే దారిని చెప్పే ఐల్ వీటిలో దేనికీ చెందదు. దాని మూలం లాటిన్ ‘ఆలా’, అంటే రెక్క. దానికీ ఈ ‘ఎస్’ ద్వీపం నుంచే అంటుకుంది.