ఎన్డీఏకి వెళ్లాలంటే ఇంటర్లో ఏ గ్రూపు?

ప్రశ్న: ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాను. మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. తెలుగు మీడియంలో చదివాను. ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో చేరి ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలని నా కోరిక. కానీ లెక్కలంటే బాగా టెన్షన్. బయాలజీ అయితే ఇష్టంగా చదువుతాను. ఎన్డీఏకి ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదని మా మామయ్య అంటున్నాడు. అందుకని ఇంట్లోవాళ్లు బైపీసీలో చేరమంటున్నారు. చేరవచ్చా సార్?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: వద్దు తల్లీ. పైలట్ కావాలన్నదే నీ కోరికైతే ఎంపీసీలో చేరు.

మీ మామయ్య చెప్పింది సగం వరకు నిజం. ఎన్డీఏలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అని మూడు విభాగాలుంటాయి. ఆర్మీ విభాగానికి ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా చాలు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లూ అర్హులే. ఎయిర్‌ఫోర్స్‌కీ నేవీకీ మాత్రం ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉండి తీరాలి. నేను ఎయిర్‌ఫోర్స్ నుంచి రిటైరై వచ్చాక విజయనగరంలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఇలాగే ఎవరో చెప్పిన మాట విని బైపీసీలో చేరిన కుర్రాడొకడు, సెకండియర్‌లో నోటిఫికేషన్ ప్రింటు తీయించుకుని నా దగ్గరకు వచ్చాడు. అర్హతల దగ్గర ఆ ఒక్క వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఉంది. ‘దీనికి ఇప్పుడేమైనా దారుందా సార్’ అని అడిగాడు. అప్పటికి ఏ దారీ లేదు. నువ్వు గ్రూపు తీసుకోకముందే అడిగావు, చాలా సంతోషం.

పోనీ ఆర్మీ విభాగమైనా చాలనుకుని బైపీసీలో చేరినా లెక్కలు నిన్ను వదలవు. యూపీఎస్సీ పెట్టే రాతపరీక్ష అందరికీ ఒకటే. మొత్తం 900 మార్కుల్లో లెక్కల పేపరుకే 300. రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు చేయాలి. క్యాలిక్యులేటర్ ఉండదు, లాగరిథమ్ పట్టికలు ఇవ్వరు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కులు కోస్తారు. ఆ పేపర్లో విడిగా కనీస మార్కులు రాకపోతే రెండో పేపరు ఎంత బాగా రాసినా లాభం లేదు. బైపీసీ చదువుతూ ఈ లెక్కలన్నీ సొంతంగా నేర్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించు. మాత్రికలు, వెక్టర్లు, అవకలనం, సమాకలనం ఎంపీసీ పిల్లలకు ఎలాగూ క్లాసులో చెబుతారు.

ఇక నీ భయం సంగతి. ఎన్డీఏ సిలబస్‌లో ఎత్తులు–దూరాలు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం ఉన్నాయి. వాటి మొదటి పాఠాలు నువ్వు పదో తరగతిలోనే చదివావు. ఈ సెలవుల్లో కొత్త పుస్తకమేదీ కొనకు. మీ పదో తరగతి పుస్తకంలో త్రికోణమితి రెండు అధ్యాయాలూ తీసి, బొమ్మ నీ చేత్తో గీసుకుంటూ ప్రతి లెక్కా చెయ్యి. దీపస్తంభం నుంచి పడవ ఎంత దూరంలో ఉందో కనుక్కోమనే లెక్కలో చాలామంది పిల్లలు నిమ్న కోణాన్ని నిలువు గీతతో కలిపి గీసేస్తారు. దాన్ని అడ్డగీత నుంచి కిందికి కొలవాలి. అది సరిగ్గా గీస్తే సగం లెక్క అయిపోయినట్టే. లెక్కలు రావని నాతో చెప్పిన పిల్లల్లో ఎక్కువమందికి రానిది లెక్క కాదు, బొమ్మ గీసే అలవాటు లేదంతే.

రెండో పేపరు చూస్తే నీకు ధైర్యం వస్తుంది. 600 మార్కుల్లో ఇంగ్లిష్‌కి 200, మిగతా 400 సైన్సు, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలకు. ఫిజిక్స్ వాటా 100 వరకూ ఉంటుంది, కానీ జేఈఈ స్థాయి లెక్కల బరువు అందులో లేదు. ప్రెషర్ కుక్కర్ ఎలా పనిచేస్తుంది, థర్మాస్ ఫ్లాస్కులో వేడి ఎందుకు నిలుస్తుంది, సైఫన్, పెరిస్కోప్ ఇలాంటివి సిలబస్‌లోనే రాసి ఉన్నాయి. కెమిస్ట్రీలో సబ్బు, సిమెంటు, గాజు, అగ్గిపుల్లలకు వాడే పదార్థాలు అడుగుతారు. నీకిష్టమైన బయాలజీ కూడా వృథా పోదు: కణం, మానవ శరీర అవయవాలు, అంటువ్యాధులు జనరల్ సైన్సులో వస్తాయి. ఎంపీసీలో చేరగానే పిల్లలు పదో తరగతి జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేస్తారు. నువ్వు దాచుకో.

నాకు ఎక్కువ దిగులు నీ ఇంగ్లిష్ గురించే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. వీలైతే ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చేరు. రాతపరీక్ష పాసైనవాళ్లకు ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఉంటుంది, దానికీ 900 మార్కులే. అక్కడ బొమ్మ చూసి కథ రాయాలి, గుంపులో మాట్లాడాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టి బిట్లు చేయించే కాలేజీలో వేసేముందు, అక్కడ ఆటస్థలం ఉందా, పిల్లలు నోరు తెరిచి మాట్లాడే వీలుందా అని మీ నాన్నగారిని అడిగి తెలుసుకోమను.

ఇంకొక్క మాట. గ్రూపు ఖాయం చేసుకునే ముందే మంచి కంటి డాక్టరు దగ్గర చూపు, రంగులు గుర్తించే పరీక్ష రెండూ చేయించుకో. పైలట్లకు ఈ నియమాలు చాలా కఠినం. కంటి పరీక్షలో తేడా వచ్చినా ఎంపీసీ చదువు ఎటూ పోదు, ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీ శాఖలున్నాయి. అలా కాకుండా ఆలోచిస్తే నీ మనసు డాక్టరు వైపే ఉందనిపిస్తే అప్పుడు బైపీసీ సరైనదే: నీట్ రాసి పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలకు ప్రయత్నించవచ్చు, అక్కడి నుంచీ యూనిఫాంలోకే వెళ్తారు.

అమ్మాయిలకు ఎన్డీఏ తలుపులు 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో తెరుచుకున్నాయి. మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్డీఏలో శిక్షణ పూర్తిచేసి బయటికొచ్చారు. సీట్లు తక్కువే, పోటీ గట్టిదే. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి కాబట్టి అవకాశాలు లెక్కగానే వస్తాయి. ఫస్టియర్‌లో రాయనివ్వరు. సెకండియర్‌లో ఉండగానే, డిసెంబరులో వచ్చే నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టెయ్యి. ఆ పరీక్ష మామూలుగా ఏప్రిల్‌లో, నీ ఇంటర్ పరీక్షలు అయిన కొద్దిరోజులకే ఉంటుంది.