రాత్రి పన్నెండింటికి బైక్ మీద ఉన్నవాడు సోమరి ఎలా అవుతాడు?

ప్రశ్న: మాది జగద్గిరిగుట్ట. మా అబ్బాయి ప్రైవేటు కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం. బీసీలకు వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఏడాదిగా రాత్రిళ్లు ఫుడ్ డెలివరీకి వెళ్తున్నాడు. నెలకు 9,000 దాకా వస్తాయి, ఇంటి అద్దెకూ సాయం. మొన్న రెండు సబ్జెక్టులు పోయాయి. ఇప్పుడు ఒక ట్రస్టు నెలకు 4,000 స్కాలర్‌షిప్ ఇస్తామంటోంది. ఊరికే డబ్బొస్తే వాడు సోమరి అయిపోతాడని మా ఆయన భయం. స్కాలర్‌షిప్ మంచిదా, పార్ట్‌టైమ్ మంచిదా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బస్తీ మారుతుంది, బ్రాంచి మారుతుంది, "ఊరికే డబ్బొస్తే పాడైపోతాడు" అన్న మాట మాత్రం మారదు. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పగలంతా క్లాసులు, రాత్రి పన్నెండు దాకా కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో బిర్యానీ పార్సిళ్లు, నెల తిరిగేసరికి అద్దెకు డబ్బు. ఇలాంటి పిల్లవాడిలో మీవారికి సోమరితనం ఎక్కడ కనిపించింది?

మీ బాధంతా "ఇంటి అద్దెకూ సాయం" అన్న ముక్కలోనే ఉంది. వాడు బైక్ దిగితే అద్దె ఎలా కట్టాలన్నదే అసలు టెన్షన్. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ అవసరానికి క్రమశిక్షణ అని పేరు పెట్టి వాడి నెత్తిన రుద్దకండి. "నీ డబ్బు మాకు అక్కరకొస్తోంది నాన్నా" అని మీవారు ఒక్కసారి నోరు తెరిచి చెబితే చాలు, వాడికి సగం బరువు దిగుతుంది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇంటి పరిస్థితి తెలియదనుకోవడం మన అమాయకత్వం.

ఇక ఊరికే వచ్చే డబ్బు సంగతి. రీయింబర్స్‌మెంట్ మీ అబ్బాయి చేతికి రాదు, కాలేజీకి వెళ్తుంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) పది వేల లోపు ర్యాంకు లేని బీసీ పిల్లలకు ఇంజనీరింగ్‌లో ఏడాదికి 35,000 వరకే ఇస్తారు. పై ఫీజు మీరే కడుతున్నారు కదా. ఆ వచ్చేది కూడా బకాయిలు పడితే, సర్టిఫికెట్ అడిగిన రోజున "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక వాపసు ఇస్తాం" అనే కాలేజీలున్నాయి. దాంతో పాడైపోయేంత సుఖం ఎవరికీ దొరకదు.

సాయం చేస్తే పేద పిల్లల అలవాట్లు ఎలా మారతాయో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో చూశారు. 2008లో అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చేరిన పేద విద్యార్థుల్లో కొందరిని లాటరీ తీసి, ఏడాదికి 3,500 డాలర్ల గ్రాంటు ఇచ్చారు. లాటరీ కాబట్టి, తెలివైనవాళ్లకే వచ్చిందనడానికి లేదు. గ్రాంటు వచ్చినవాళ్లలో ఉద్యోగం చేసేవాళ్లు కొంత తగ్గారు. మొత్తం మీద పని గంటలు వారానికి రెండు గంటల లోపే తగ్గాయి. అంతేనా అనిపిస్తుంది. కానీ రాత్రి పూట పనులు కూడా తగ్గాయి, నాకు ముఖ్యమనిపించింది అది. నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు గ్రాంటు రానివాళ్లలో 16 శాతమైతే, వచ్చినవాళ్లలో 21 శాతం. అద్భుతమేమీ కాదు. డబ్బు మార్కులు తెచ్చిపెట్టదు, నిద్ర తెస్తుంది. ఆ నిద్రతో ఏం చేసుకుంటాడన్నది వాడి చేతిలో ఉంటుంది.

షరతుల గురించి కూడా చెప్పాలి. వెస్ట్ వర్జీనియాలో ఒక మెరిట్ స్కాలర్‌షిప్ నిలబడాలంటే 3.0 జీపీఏ (నాలుగుకు మూడు సగటు గ్రేడు) ఉండాలన్నారు. పిల్లలు సరిగ్గా ఆ గీత దాకా కష్టపడ్డారు. ఇక రెన్యువల్ అవసరం లేని నాలుగో ఏడు వచ్చేసరికి ఆ ప్రభావం కనిపించలేదు. కాబట్టి "మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్ పోతుంది, జాగ్రత్త" అని రోజూ బెదిరించకండి. 75 శాతం హాజరు కోసం క్లాసులో కూర్చుని కునికేవాళ్లను తయారు చేయడమే అవుతుంది.

"చదువుకుంటూ సంపాదించు" అనే వీడియోలు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి. నాకు వాటి మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. నేనూ చదువుకునే రోజుల్లో ట్యూషన్లు చెప్పాను. సాయంత్రం రెండు గంటలు, పక్క వీధిలో. పిల్లలకు చెబుతూ నా లెక్కలే బాగుపడ్డాయి. డెలివరీ అలాంటిది కాదు. ఇన్సెంటివ్ కోసం ఇంకో ఆర్డర్, ఇంకో ఆర్డర్ అంటూ గంటలు సాగుతూనే ఉంటాయి. సెమిస్టర్ పరీక్షల వారంలోనే వానలు పడి రేట్లు పెరిగితే, పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చోవడం పెద్దవాళ్ల వల్లే కాదు. మూడేళ్లు బండి నడిపి బీటెక్ రెజ్యూమెలో రాసుకునేది ఏముంటుందో కూడా నాకు తోచదు.

మీరు అడిగిన పోలిక నిజానికి నాలుగు అంకెల్లో తేలిపోతుంది. 9,000లో పెట్రోలు, బండి సర్వీసింగ్, ఫోన్ డేటా కింద 3,000 తీసేయండి. మిగిలేది 6,000. ట్రస్టు ఇచ్చేది 4,000. తేడా రెండు వేలు. శని, ఆదివారాలు పగటి పూట మాత్రమే బండి తీస్తే ఆ రెండు వేలు వస్తాయి. జేఎన్‌టీయూ నిబంధనలే మీ కాలేజీకీ అయితే, హాజరు 65 శాతం కంటే తగ్గితే కండొనేషన్ (తగ్గిన హాజరుకు ఇచ్చే మినహాయింపు) కూడా ఉండదు, డిటెయిన్ చేస్తారు. ఒక ఏడాది పోయి, రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ కూడా చిక్కుల్లో పడిందంటే ఎన్ని ఆర్డర్లు తెస్తే ఆ నష్టం తీరుతుందో మీవారినే లెక్కకట్టమనండి.

ట్రస్టు కాగితాల మీద సంతకం పెట్టేముందు మాత్రం మూడు సంగతులు అడగండి. రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లకూ ఇస్తారా? నెలనెలా వేస్తారా, ఏడాది చివర ఒకేసారి వేస్తారా? ఏడాది చివర వచ్చే డబ్బు జులై అద్దెకు పనికిరాదు, వాడు మళ్లీ రాత్రి బండే తీస్తాడు. ఇప్పుడున్న రెండు బ్యాక్‌లాగ్‌లు వాళ్లకు అడ్డమా? అడ్డమంటే ఆ సబ్జెక్టులు గట్టెక్కడానికి ఒక సెమిస్టర్ గడువు అడగండి. మర్యాదగా అడిగితే ఇచ్చే ట్రస్టులను నేను చూశాను.

సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చిన రోజే పరీక్ష ఫీజు కట్టేయండి. లేట్ ఫీజు పడిందంటే వాడు దానికీ ఒక రాత్రి బండెక్కుతాడు.