ఆటోనగర్‌లో పంచిన ఇయర్‌ప్లగ్‌లు ఎవరూ పెట్టుకోకపోతే

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్లకి మోత నుంచి చెవుల్ని కాపాడే ఫోమ్ ప్లగ్‌లు మీ క్లబ్ 300 జతలు పంచిందనీ, జారిపోతున్నాయని వారానికే మూలపడేశారనీ రాశారు. తప్పు ప్లగ్‌ది కాదండీ, పెట్టే తీరుది. ముందు ముడతలు పడకుండా సన్నటి వత్తిలా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు తోసి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో అదిమి ఉంచాలి. ఈ చివరి పనే ఎవరూ చెయ్యరు, అందుకే సగం బయటికొచ్చేస్తుంది. పెట్టాక అరచేతులతో చెవులు మూయమనండి. మోత ఇంకా బాగా తగ్గిందంటే వదులుగా ఉన్నట్టే.

గ్రీజు చేతులతో ఫోమ్ నలిపితే మురికంతా చెవిలోకే. సుత్తి పనివాళ్లకి తాడున్న సిలికాన్ ప్లగ్‌లివ్వండి, కడుక్కోవచ్చు. లేత్, డ్రిల్లింగ్ మెషిన్ల దగ్గర మాత్రం తాడు వద్దు, చుట్టుకుంటుంది. అక్కడ చెవుల్ని పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లే నయం. దూది పెట్టుకుంటామంటారు, అది దుమ్ము ఆపుతుందేమో గానీ మోతని ఆపదు.

ఎవరికి ముందివ్వాలంటారా? చెయ్యి చాచినంత దూరంలో మనిషితో అరిచి మాట్లాడాల్సొచ్చే షెడ్లకి. ప్లగ్ లేకుండా 85 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) దగ్గర 8 గంటలు పని చెయ్యొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఈసారి సభ, శాలువాలు మానేసి షెడ్డుకో పది నిమిషాలు కేటాయించండి. మేస్త్రీ చేత ముందు పెట్టించండి, కుర్రాళ్లు ఆయన్ని చూసే పెట్టుకుంటారు.