కార్డు తన పేరు మెషిన్‌కు ఎలా చెబుతుంది?

ప్రశ్న: మాకు పర్లాకిమిడిలో కిరాణా దుకాణం ఉంది. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా బేరాలు వస్తాయి. మా స్వైపింగ్ మెషిన్‌లో చాలా కార్డులు పనిచేస్తాయి గాని, కొన్నింటిని పెడితే ‘కార్డు చెల్లదు’ అని వస్తుంది. అవే కార్డులు పక్క దుకాణంలో పనిచేస్తున్నాయి. లోపం కార్డుదా, మెషిన్‌దా? అసలు కార్డు తానెవరో మెషిన్‌కు ఎలా తెలియజేస్తుంది?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: పక్క దుకాణంలో పనిచేస్తున్నాయి కనుక లోపం కార్డుది కాకపోవచ్చు. కార్డుకూ మెషిన్‌కూ పరిచయం రెండు దఫాలుగా జరుగుతుంది. మీ చిక్కు రెండో దఫాలో ఉన్నట్టు తోస్తోంది.

దుకాణం మెట్లెక్కిన మనిషితో తెలుగులో మాట్లాడాలో ఒడియాలో మాట్లాడాలో మీరు మొదటి పలుకులోనే పసిగడతారు కదా. మొదటి దఫా అలాంటిదే. కార్డును లోపల పెట్టగానే మెషిన్ దానికి కరెంటు అందించి రీసెట్ సంకేతం పంపితే, చిప్ గరిష్ఠంగా 33 బైట్ల జవాబు ఇస్తుంది. దీన్ని ఏటీఆర్ అంటారు. అందులో మొదటి బైటు 3బి గాని 3ఎఫ్ గాని అయి ఉంటుంది (బైట్లను ఇలా అంకెలూ అక్షరాలూ కలిపి రాస్తారు). బిట్లను ఏ పద్ధతిలో చదవాలో అది చెబుతుంది. తరువాతి బైట్లు వేగాన్నీ, సంభాషణ పద్ధతినీ తెలుపుతాయి. ఏటీఆర్‌ను చూసి కార్డు ఏ బ్యాంకుదో చెప్పేయవచ్చని కొందరు అనుకుంటారు గాని, ఒకే రకం చిప్ కొన్న రెండు బ్యాంకుల కార్డులు ఒకే ఏటీఆర్ ఇవ్వవచ్చు కనుక ఆ నమ్మకం సరికాదు.

అసలు గుర్తింపు ఆ తరువాత, రెండో దఫాలో మొదలవుతుంది. చిప్‌లోని ప్రతి అప్లికేషన్‌కూ, అంటే చెల్లింపు నడిపే ప్రోగ్రాముకూ, 5 నుంచి 16 బైట్ల వరకు ఉండే పేరు ఒకటి ఉంటుంది. దాన్ని ఏఐడీ అంటారు. మన పేర్లలాగే ఇందులోనూ ఇంటిపేరే ముందు. మొదటి 5 బైట్లు నమోదైన సంస్థకు చెందినవి: ఏ0 00 00 00 03 వీసాది, ఏ0 00 00 00 04 మాస్టర్‌కార్డ్‌ది, ఏ0 00 00 05 24 రూపేది. ఆపైన 11 బైట్లకు మించకుండా ఉండే భాగం ఆ ఇంట్లోని మనిషి పేరు వంటిది. ఆ సంస్థ అప్లికేషన్లలో ఇది ఏదో దానివల్ల తెలుస్తుంది. మెషిన్ ముందుగా ‘1పే.సిస్.డిడిఎఫ్01’ అనే పట్టికను, అంటే కార్డులోని అప్లికేషన్ల జాబితాను, అడుగుతుంది. కార్డులో అది లేకపోతే ‘6ఏ 82’, అంటే దొరకలేదు, అనే జవాబు వస్తుంది. అప్పుడు మెషిన్ తన దగ్గరున్న ఏఐడీలను ఒక్కొక్కటిగా పిలిచి చూస్తుంది. ‘90 00’ వస్తే ఆ అప్లికేషన్ పలికినట్టే. ఒకటికి మించి పలికితే కార్డు చెప్పిన ప్రాధాన్య క్రమాన్ని అనుసరిస్తుంది, లేదా ఏది కావాలో ఎంచుకోమని తెరపై చూపుతుంది. తాకించి చెల్లించేటప్పుడు పట్టిక పేరులో ఒకటికి బదులు రెండు ఉంటుంది. మిగతా తంతు దాదాపు ఇదే.

మెషిన్ జాబితాలో లేని ఇంటిపేరు గల కార్డు నిక్షేపంగా ఉన్నా, ఎన్నిసార్లు పెట్టినా పరిచయం కుదరదు. మెషిన్ ఇచ్చినవారికి ఫోన్ చేసి, ఏ సంస్థ కార్డులు ఆగిపోతున్నాయో చెప్పి, వాటి ఏఐడీలను మీ మెషిన్‌లో చేర్చమని అడగండి. ఏటీఆరే రాని పక్షంలో, అంటే చిప్ చదవలేకపోయానని మెషిన్ చెబితే, బంగారు రంగు పలకను పొడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి.